స్థానిక మట్టి, నలభై సంచులు

మార్చి 4

మరదలికి,

ముందుగా, ఈ ఉత్తరాన్ని నీకంటే ముందు చదివే మీ ఆఫీసు గుమాస్తాగారికి నమస్కారం. బాబూ, తొందరగా చదివి మా మరదలి చేతిలో పెట్టు. ఈ గ్రహం నుంచి ఉత్తరం ఆకాశం దాటి రావడానికి ఇరవై నిమిషాలు పడుతోంది. నీ టేబుల్ దాటడానికి వారం పడుతోంది.

నేను బాగానే ఉన్నాను. వచ్చి నెలన్నర అయింది. పన్నెండు మందిమీ ఒక గుడ్డ గుడారంలో సర్దుకుంటున్నాం. ఆకాశం నుంచి పడే కిరణాలకి ఈ గుడ్డ ఆగదట. డాక్టరమ్మ రోజూ పైకి చూసి నిట్టూరుస్తుంది. మూరెడు మందం మట్టి ఉంటే ఆగుతుందట. మట్టికేం కరువు? కిటికీలోంచి చూస్తే అది తప్ప ఇంకేమీ లేదు. మూడేళ్లపాటు మీ దగ్గర పెద్ద చదువుల వాళ్లు ఇటుకలు చేయబోతే పెళ్లలు పెళ్లలుగా రాలిపోయాయని, చివరికి బట్టీ నడిపే నన్ను పిలిచారు కదా. ఆ చదువుల్ని నేనేం తక్కువ చేసి మాట్లాడను. వాళ్లెవరూ మట్టిని చేత్తో పిసికి చూడలేదు, అంతే.

ఈ మట్టి పిండిలా మెత్తగా ఉంటుంది. ఇనుము ఎక్కువ. గట్టిగా అదిమితే చాలు, కాల్చే పని లేకుండానే పట్టుకుంటుంది. కాకపోతే ఇందులో విషపు ఉప్పు కలిసి ఉంది, తొడుగు లేకుండా ముట్టుకోకూడదు. నేల కింది మంచు తవ్వి కరిగించి, ఆ నీళ్లతో ఏడుసార్లు కడిగి, జల్లించి, అప్పుడు అచ్చు వెయ్యాలి. నాకు రెండు జల్లెడలు కావాలి. ఇప్పటికి దుప్పట్లు చింపి పని నడుపుతున్నాను. పన్నెండు మందికి ఏడు దుప్పట్లు మిగిలాయి, నన్ను చూసి అందరూ దుప్పటి చంకలో పెట్టుకు తిరుగుతున్నారు.

ఇక అసలు సంగతి. మాలో వెల్డింగ్ పని చేసే అమ్మాయికి నాలుగో నెల. వాళ్లాయన మోటార్ల మెకానిక్కు. ఓడలో ఏడు నెలలు వేరే పనేమీ లేదు మరి. ఆగస్టులో కాన్పు. దుమ్ముగాలులు మొదలయ్యేదీ ఆగస్టులోనే. ఆ పిల్ల ఈ గుడ్డ కింద కనడానికి వీల్లేదని డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పింది. అంటే ఆగస్టుకి నా ఇటుక గది లేవాలి, దానికి మీ ఆఫీసు ముద్ర పడాలి. ఆ ముద్ర ఉన్న బల్ల వెనక కూర్చునేది నా ముద్దుల మరదలే కదా, నాకేం భయం?

మన పెరటి గోడ ఇంకా వంకరగానే ఉందా? వచ్చినవాళ్లందరికీ చూపిస్తూనే ఉన్నావా?

ఇట్లు,
ఇటుకల వదిన

మార్చి 20

వదినకి,

నీ ఉత్తరం చూసి అన్నయ్య, నేను పొంగిపోయాం. అన్నయ్య రెండుసార్లు చదివి, గొడుగు ఎక్కడ పెట్టావని అడగమన్నాడు. మూడు రోజులుగా వర్షం.

నీ కాగితాలు నా దగ్గరికే వచ్చాయి. మా విభాగం పేరు నీకు తెలుసు, స్థానిక వనరుల ధ్రువీకరణ. గోడ మీద పెద్ద బోర్డు ఉంటుంది: ‘ఉన్నచోట ఉన్నదే వాడదాం’ అని. ఆ బోర్డు మాత్రం పై ఊరి నుంచి తెప్పించారు, ఇక్కడి పెయింటర్ల అక్షరాలు బాగుండవని.

చిన్న చిక్కు వచ్చింది. స్థానిక మట్టి వాడాలంటే అది మా దగ్గరున్న ప్రామాణిక మట్టితో సరిపోలాలి. ఆ ప్రామాణిక మట్టి మా సారు బల్ల మీద గాజు జాడీలో ఉంటుంది. ఆయన దాన్ని రోజూ తుడుస్తారు. మేమంతా ఆయన్ని జాడీ సారు అంటాం, వినపడకుండా. నీ మట్టి కొలతలన్నీ జాడీ పక్కన పెట్టి చూశారు. నీది కొంచెం ఎరుపు తక్కువ, ఉప్పు చాలా ఎక్కువ. ‘ఈ మట్టి స్థానిక మట్టిలా లేదు’ అని రాసి సంతకం పెట్టారు.

ఇది నీకు మాత్రమే చెప్తున్నాను. జాడీలోది అక్కడి మట్టి కాదు. ముప్పై ఏళ్ల కింద ఎవరో దూరం నుంచి తీసిన ఫొటో చూసి, ఇక్కడి కాంట్రాక్టరు రంగు కలిపి తయారుచేశాడు. ఆ మాట గట్టిగా అన్నవాళ్లు ఇప్పుడు గోడౌన్లో పని చేస్తున్నారు.

జల్లెడలకి వేరే ఫారం పెట్టాను. కంగారు పడకు, నేనున్నాను కదా.

గోడ వంకరగానే ఉంది.

నీ మరదలు

ఏప్రిల్ 6

మరదలా,

గొడుగు బీరువా మీద ఉంది. నా జవాబు చేరేసరికి ఎండలు వచ్చేసి ఉంటాయి, అయినా చెప్పు.

నేను నిలబడ్డ నేల మీ జాడీకి సరిపోలేదా? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, విన్నాను. పెరటి చెట్టు అసలు చెట్టే కాదనడం ఇప్పుడే వింటున్నాను. మీ సారుని ఒకసారి వచ్చి ఈ నేల మీద నిలబడి, నువ్వు స్థానికం కాదు పొమ్మని దాని మొహం మీదే చెప్పమను.

ఈలోపు పని ఆపలేదు. మట్టి నీళ్లతో కలిపినప్పుడు కాస్త జారుడుగా ఉంటే అచ్చులో చక్కగా కూరుకుంటుంది. దానికి ఏదైనా కావాలి. ఇక్కడ కూరగాయ తొక్క కూడా వృథా పోదు, అందుచేత నేను అందరూ పారేసేదాని మీద కన్నేశాను. పన్నెండు మంది మూత్రంలోంచి నీళ్లు తీసేసి తాగడానికి వాడుకుంటున్నాం, రోత పడకు, నువ్వు తాగే కుళాయి నీళ్ల చరిత్ర నీకేం తెలుసు. అడుగున తెల్లటి పొడి మిగులుతుంది. బుట్టెడు మట్టికి చిటికెడు వేశాను. ఇటుక నున్నగా, అంచులు కత్తిలా వచ్చింది. సుత్తితో కొడితే గంటలా మోగింది. మెకానిక్కు ఆ రోజు నుంచి కాసిని ఎక్కువ నీళ్లు తాగుతున్నాడు, సాయంగా.

ఈ సంగతి కూడా రిపోర్టులో రాశాను. దాచడం నాకు రాదు.

ఒక్క మాట అడుగుతాను, సూటిగా చెప్పు. నెల దాటినా ముద్ర పడలేదంటే ఆ పెరటి గోడ నీ మనసులో అడ్డం ఉందా? కొత్త కోడలిగా వచ్చి మొదటిసారి కట్టిన గోడ అది. ఇరవై ఏళ్లుగా నువ్వు ఎవరొచ్చినా ‘మా వదిన వంకర పనితనం’ అని చూపించావు. పడ్డాను. ఇప్పుడు మాత్రం కడుపుతో ఉన్న పిల్ల సంగతి.

ఇట్లు,
ఇటుకల వదిన

మే 3

వదినకి,

గోడ సంగతి ఇంక ఎత్తకు. నాకు బాధగా ఉంది. నీ ఫైలు చేత్తో పట్టుకుని మూడంతస్తులు రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగుతున్నాను, నా మోకాళ్లని అడుగు.

ఆ తెల్లపొడి సంగతి రాయకపోతే బాగుండేది. దాని మీద పోయిన వారం మీటింగు జరిగింది. మూత్రం స్థానిక వనరా, దిగుమతి వనరా అని. తాగిన నీళ్లు అక్కడి మంచువి కాబట్టి స్థానికమే అని ఒకరు. నీళ్లు స్థానికమైనా మూత్రపిండాలు ఇక్కణ్ణించి వెళ్లాయి కాబట్టి దిగుమతి అని ఒకరు. తిన్న తిండి డబ్బాలది కాబట్టి సగం సగం రాద్దామని మూడో ఆయన. ఆఖరికి రూల్సు పుస్తకం తీస్తే, ఒకచోట వరుసగా మూడేళ్లు ఉన్నవాళ్లు స్థానికులని ఉంది. మీరెవరూ స్థానికులు కారు కాబట్టి మీ నుంచి వచ్చిందేదీ స్థానికం కాదని తేల్చారు. మీటింగులో టీ రెండుసార్లు వచ్చింది. నేను నవ్వాపుకోలేక బయటికి వెళ్లి, బయట ఏడ్చాను.

ఇంకో సంగతి. నీకు మంచి మట్టి లేదని జాడీ సారు జాలిపడి, కాంట్రాక్టరు చేత జాడీలో మట్టిలాంటిదే నలభై సంచులు తయారుచేయించారు. ధ్రువీకరించిన స్థానిక మట్టి. నెలాఖరు ఓడలో ఎక్కిస్తున్నారు, డిసెంబరు చివరికి చేరుతుంది. బరువు ఎక్కువైందని ఓడలోంచి కొన్ని వస్తువులు తీసేశారు. నీ జల్లెడలు అందులో ఉన్నాయి.

నా మీద కోపం తెచ్చుకోకు. ఫైలు నడుస్తోంది.

గొడుగు దొరికింది. ఇప్పుడు చాకు కనపడట్లేదట.

నీ మరదలు

జూన్ 28

ఆడపడుచుగారికి,

మట్టి గ్రహానికి మట్టి పంపారు. సంతోషం. వచ్చే ఓడలో దుమ్ము కూడా పంపండి, ఇక్కడ ఆగస్టు దాకా రాదట.

గది పూర్తయింది. మూరెడు మందం గోడలు, పైన కమాను. లోపల గాలి నిలవడానికి రబ్బరు తొడుగు. కప్పు మీద నాలుగు టన్నుల మట్టి పోసి పది రోజులు ఉంచాను, ఒక్క పెళ్ల రాలలేదు. వెల్డింగ్ అమ్మాయి గుమ్మం దాకా వచ్చి, లోపలికి చూసి, గోడని తొడుగు చేత్తో నిమిరి వెళ్లిపోయింది. వెళ్లిపోయిందని ఎందుకు రాస్తున్నానో మీకు తెలుసు.

మీ సంతకంతో రెండు కాగితాల నకళ్లు వచ్చాయి. మొదటిది: అనుమతి లేని గదిలోకి పరీక్ష నిమిత్తం మేస్త్రీ, డాక్టరు తప్ప ఉద్యోగులెవరూ అడుగు పెట్టరాదు. రెండోది, దానికి పిన్ను గుచ్చి: వెల్డరుకి జూలై ఒకటి నుంచి ఆరు నెలలు సెలవు, జీతం లేకుండా. ఆ పిల్ల సెలవు అడగలేదు. ఇచ్చి ఎక్కడికి పొమ్మంటారు? తలుపు తీస్తే గాలి కూడా లేదు. పైగా జీతం కొయ్యడం. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటే ఇదే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరుకుందును, కానీ ఈ పూజారి నేను తల దువ్వి బడికి పంపిన పిల్ల.

ఆ సెలవు కాగితాన్ని అందరి ముందూ చించేశాను. ఇంక మీకు ఉత్తరాలు రాయను. చాకు ఎక్కడుందో మీ అన్నయ్యనే వెతుక్కోమనండి.

మేస్త్రీ

జూలై 12

వదినా,

నువ్వు రాయనన్నా నేను రాస్తాను. ఒక్కసారి కోపం పక్కన పెట్టి, నెమ్మదిగా చదువు. మన ఉత్తరాలు చదివే బాబు నా పక్క గదిలోనే కూర్చుంటాడు కాబట్టి రూల్సు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. సొంతంగా ఒక్క మాట కలపను.

నలభై ఒకటో పేజీ: జీతం లేని సెలవులో ఉన్నవారు ఆ కాలానికి ఉద్యోగులు కారు.

నా మొదటి కాగితం ఉద్యోగుల గురించి. రెండోది దానికి పిన్ను గుచ్చి ఎందుకు పంపానో ఇప్పుడు ఆలోచించు. చించిన ముక్కలు ఉంటే అతికించు. లేకపోయినా పర్వాలేదు, అసలు నా బీరువాలో ఉంది.

పన్నెండో పేజీ: ఒక వనరు స్థానికమని ఆ చోటి స్థానికులెవరైనా ముద్ర వేసి ఒప్పుకుంటే, ప్రామాణిక నమూనాతో పోల్చే పని లేదు. స్థానికులంటే మూడేళ్లు ఉన్నవారు, లేదా అక్కడ పుట్టినవారు.

ఇంతవరకూ పుస్తకం. ఇక నాది.

ఇరవై ఏళ్ల కింద నువ్వు పెరటి గోడకి దారం కట్టుకుని భోజనానికి వెళ్లావు. నాకు తడిబట్టలు ఆరేయడానికి మేకు కావలసి వచ్చింది. నీ దారం మేకు పీకి, పని అయ్యాక జానెడు పక్కకి కొట్టాను. అంతే అనుకున్నాను. గోడ లేచాక వంకర కనపడింది. భయపడి, ఎవరైనా నన్ను అడిగేలోపు నేనే నిన్ను వేలెత్తి చూపించాను. తర్వాత అది అలవాటైపోయింది. నీ పనితనంలో వంకర లేదు వదినా. వంకర నాది.

ఆ పిల్ల ఎలా ఉంది?

నీ మరదలు

ఆగస్టు 27

మరదలా,

నా నోరు మంచిది కాదు. క్షమించు.

నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. డాక్టరమ్మ నలభై ఒకటో పేజీని మూడుసార్లు చదివించుకుని, మంచం మొయ్యమంది. ఉద్యోగి కాని ఒక ఆడమనిషి, పరీక్ష నిమిత్తం ఒక మేస్త్రీ, ఒక డాక్టరు. రూలు ఎక్కడా తప్పలేదు. మెకానిక్కు ఉద్యోగి కాబట్టి గుడారం వైపు గుమ్మం బయట నిలబడి, మూడు రోజులు గోళ్లు కొరుక్కున్నాడు.

దుమ్ము పద్నాలుగో తారీకున లేచింది. పగలు చీకటైంది. పదహారున గుడారం ఓ మూల చిరిగింది. ఇక రూలు చూడలేదు, పన్నెండు మందిమీ ఇటుక గదిలో పడ్డాం. ఎవరి మీద చర్య తీసుకోవాలన్నా ముందు నా పేరు రాసుకోండి బాబూ. పద్దెనిమిదిన ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది, గోడలు గట్టివి కాబట్టి ఏడుపంతా మాకే తిరిగొచ్చింది. అంత మంచి శబ్దం ఈ గ్రహం మీద నేను వినలేదు.

మర్నాడు ఏడుసార్లు కడిగిన మట్టితో ఒక పచ్చి ఇటుక అచ్చు తీసి, డాక్టరమ్మ సరేనన్నాక, పిల్ల కుడికాలు దాని మీద అద్ది, వెంటనే కాలు కడిగేశాం. ఫొటో పంపుతున్నాను. అయిదు వేళ్లూ స్పష్టంగా పడ్డాయి. ఈ నేల మీద ఇప్పటికి స్థానికం ఒక్కటే, మూడుంపావు కిలోలు.

ఇక గోడ. దారం జరిగిందని నాకు ఆ రోజే తెలుసు. పాత మేకు చిల్లు కనపడదా? రెండు వరసలు లేచాక చూశాను. కొత్త కోడల్ని, వచ్చిన నెలలోనే ఆడపడుచు మీద నేరం ఎలా చెప్పను? నువ్వే చెప్తావని చూశాను. ఇరవై ఏళ్లు పట్టింది. మీ ఆఫీసు కన్నా ఎక్కువేం కాదు.

చాకు కూరగాయల బుట్ట అడుగున ఉంటుంది.

ఇట్లు,
వదిన

సెప్టెంబరు 16

వదినకి,

ఫొటో జాడీ సారు బల్ల మీద, జాడీ పక్కన పెట్టాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు. స్థానికురాలికి మైనారిటీ తీరిందా అని అడిగారు. రూల్సులో వయసు లేదండి అన్నాను. వేలిముద్ర కదా, కాలిముద్రేమిటి అన్నారు. ముద్ర అని మాత్రమే ఉందండి అన్నాను. మరి మూడు నకళ్లు కావాలి కదా అన్నారు. ఫొటో మూడు కాపీలు ముందే తీసి ఉంచాను. ముద్ర వేశారు. వేసి, ‘ఎవరి పోలిక’ అని అడిగారు. మనిషి చెడ్డవాడు కాదు వదినా, జాడీ ఎక్కువసేపు చూశాడు, అంతే.

నీ గది ఇప్పుడు చట్టప్రకారం గది. ఆ తెల్లపొడి కూడా, స్థానికురాలు రోజూ దండిగా ఉత్పత్తి చేస్తోంది కనక, స్థానికమే.

జీతం లేని సెలవు కాగితం నేను పై అనుమతి లేకుండా ఇచ్చానని తేలింది. ధ్రువీకరణ బల్ల నుంచి నన్ను తీసేశారు. ఉత్తరాలు చదివే సీట్లో వేశారు. ఆ బాబుకి ప్రమోషన్ వచ్చింది, వెళ్తూ నీకు నమస్కారం చెప్పమన్నాడు. ఆరు నెలలుగా మన ఉత్తరాల కోసమే ఆఫీసుకి వస్తున్నాడట. కాబట్టి ఇకమీద నీ ఉత్తరం ఇరవై ఒకటో నిమిషంలో నా చేతిలో ఉంటుంది.

చాకు దొరికింది. అన్నయ్య ఈసారి ఏమీ అడగలేదు. ఏం రాయమంటావంటే, ‘వస్తువులన్నీ దొరుకుతున్నాయి, ఇంట్లో మాత్రం ఏమీ లేనట్టుందని రాయి’ అన్నాడు. నాకు కన్నీళ్లొచ్చాయి. ఆయన అటు తిరిగి గొడుగు మడతపెట్టుకున్నాడు, బయట ఎండ.

నీ మరదలు

జనవరి 5

ఉత్తరాలు చదివే గుమాస్తా అమ్మగారికి నమస్కారం. ఇది మా మరదలికి. తొందరగా చదివి ఆమెకే ఇవ్వండి.

ఓడ వచ్చింది. నలభై సంచులూ దిగాయి. అందరూ చుట్టూ చేరి నవ్వారు, నేను కూడా నవ్వుదామనే సంచి కుట్టు విప్పాను. వాసన వచ్చింది. నాకు నవ్వు ఆగిపోయింది.

మీ కాంట్రాక్టరు ఎక్కడెక్కడో తవ్వలేదు మరదలా. పైన రంగు చల్లాడు, కింద అంతా మన బట్టీ వెనక గుంట మట్టే. ఇరవై ఏళ్లు కాళ్లతో తొక్కిన మట్టి నాకు తెలియదా? అనుమానం ఉంటే నాలుగో సంచిలో ఇటుక ముక్క దొరికింది, దాని మీద నా అచ్చు గుర్తు సగం ఉంది. మన ఇంటి వెనక మట్టిని ఇంత దూరం మోసుకొచ్చి స్థానికం అన్నారు. తప్పు కూడా కాదేమో.

సంచి గుడ్డ వదులు నేత. కట్టెకి బిగిస్తే చక్కటి జల్లెడ అవుతోంది. మొత్తానికి మీ ఆఫీసు నాకు నలభై జల్లెడలు పంపింది. దుప్పటి ముక్కలు కుట్టి ఎవరివి వాళ్లకి ఇచ్చేశాను.

మట్టి ఇటుకల్లో వెయ్యలేదు. రంగు కడిగేసి, ఇటుక గదిలో ఒక మూల గుమ్మరించాను. ఈ గ్రహం మీద తొడుగు లేకుండా ముట్టుకోగలిగిన మట్టి అదొక్కటే. తొడుగులు తీసేసి మోచేతుల దాకా చేతులు పెట్టాను. వచ్చి ఏడాది కావస్తోంది, ఇన్నాళ్లకి మట్టి చేతికి తగిలింది. కూర్చుని ఏడ్చాను. మీ అన్నయ్యకి చెప్పు, ఒప్పందం ఇంకో ఏడాదే, ఈలోపు గొడుగు పారేసుకోవద్దని. గోడ పడగొట్టకండి, నేను వచ్చి చూడాలి.

పిల్లకి అయిదో నెల. ఇప్పుడిప్పుడే ఆనిస్తే కూర్చుంటోంది. నా ఒళ్లో ఆనించి, దాన్నీ ఆ మట్టిలో కూర్చోబెట్టాను. కాసేపు అనుమానంగా చూసింది.

జాడీ సారుకి కబురు చెప్పు. ఆయన మట్టి పరీక్షలో నెగ్గింది. స్థానికురాలు గుప్పెడు తీసుకుని నోట్లో పెట్టుకుంది.

ఇట్లు,
వదిన